మా బావగారు, దూలన్న దొర కేసు

మా బావగారు బుల్లిబాబు గారు నూట నలభై ఏళ్ల కిందటి పేపరు చదివి, ఇవాళ భయపడతారు.

నవ్వించడానికి అంటున్న మాట కాదిది. రైల్వే గూడ్సు ఆఫీసులో రిటైరైన మర్నాడే ఆయన ఇంటికొచ్చే పేపరు మాన్పించేశారు. "ఇందులో వార్తలకి నిలకడ లేదోయ్, పొద్దున్న ఒకటి రాస్తాడు, సాయంత్రానికి కాదంటాడు" అన్నారు. దాని బదులు ఏదో లైబ్రరీ వాళ్లు ఇంటర్నెట్‌లో పెట్టిన పాత ఇంగ్లీషు పేపర్లు పట్టుకున్నారు. తెల్లదొరల కాలంలో మద్రాసులో అచ్చయినవి. కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని కంప్యూటర్లో అవి చదవడం మొదలుపెట్టారు. దానికో నియమం కూడా పెట్టుకున్నారు. ఇవాళ జనవరి ఏడైతే 1886 జనవరి ఏడో తారీఖు పేపరే చదవాలి. ఎనిమిదోది ముట్టుకోకూడదు. అదేమిటండీ అంటే, "రేపటి పేపరు ఇవాళెవరైనా చదువుతారటోయ్" అని, మతి పోయింది నాకే అన్నట్టు చూస్తారు.

మేం ఉండేది పేట్ బషీరాబాద్‌లో ఒకే అపార్ట్‌మెంటు. ఆయన, మా అక్క శేషారత్నం మూడో అంతస్తులో. నేను రెండో అంతస్తులో. అంచేత పద్దెనిమిది వందల ఎనభై ఆరులో ఏ ఉపద్రవం వచ్చినా ముందు నా తలుపే తడుతుంది.

ఒక రోజు పొద్దున్నే పళ్లు తోముకుంటుంటే దిగొచ్చారు. "బొల్లారంలో కలరా. నీళ్లు కాచుకుని తాగు" అన్నారు. సరేనన్నాను. కాచానా లేదా అని సాయంత్రం గిన్నె ముట్టుకుని చూసి వెళ్లారు. ఇంకో రోజు ఆయన బీపీ మాత్రలు అయిపోయాయి. సుచిత్ర సెంటరు దాకా వెళ్లి తెచ్చుకోవాలి. ఆయన కదలరు.

"ఏనుగు తప్పించుకుందోయ్. మావటిని తోసేసి సికింద్రాబాదు రోడ్డున పడిందట."

"అది ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది బావగారూ."

"పేపర్లో వేశారా?"

వెయ్యలేదు. మాత్రలు నేనే తెచ్చాను. మర్నాడు ఏనుగు ఒక చెరకు తోటలో దొరికిందని పేపర్లో వచ్చింది. ఆయన స్థిమితపడి అందరికీ కాఫీ ఇప్పించారు. నేను మేడ్చల్లో బ్యాంకులో పని చేస్తాను. మేడ్చల్ రోడ్డు మీద ఎడ్లబళ్లు దోచుకున్నారని చదివిన వారం అంతా, చీకటి పడకముందే బయల్దేరమని మా మేనేజరుకి కూడా ఫోను చేశారు. మా అక్క మాత్రం అలవాటు పడిపోయింది. "ఈయన రెండు సార్లు భయపడతారు రా. ఒకసారి ఆ కాలం వాళ్ల కోసం, ఒకసారి మన కోసం" అనేది. ఆ మాట నేనప్పట్లో పట్టించుకోలేదు.

జనవరి మూడో వారంలో ఒక పొద్దున ఆయన మొహం పాలిపోయి దిగొచ్చారు. చేతిలో కాఫీ గ్లాసు కూడా లేదు.

"మనం ఆదివారం చేపలు ఎక్కడ కొంటాం?"

"షామీర్‌పేట చెరువు కట్ట మీద. ఈదమ్మ దగ్గర."

"ఆ చెరువులో హత్య జరిగిందోయ్."

వార్త ఇదీ. తిరుమలగిరి పటాలం నుంచి ఇద్దరు సోల్జర్లు బాతుల వేటకని షామీర్‌పేట చెరువుకి వెళ్లారు. పడవ బోల్తా పడింది. విల్కిన్స్ అనే ఇంగ్లీషువాడు శవమై తేలాడు. రెండోవాడు మార్టిన్ డూలన్, ఐర్లండు నుంచి పొట్ట చేతబట్టుకుని వచ్చి పటాలంలో చేరినవాడు, ప్రాణాలతో ఒడ్డున దొరికాడు. ముందు రోజే ఇద్దరికీ గొడవైందట. డూలనే ముంచి చంపాడని అనుమానించి కాపలాలో పెట్టారు.

రెండు ఆదివారాలు మా ఇళ్లలో చేప లేదు. వంకాయతో గడిపాం. మూడో ఆదివారం ఆయనే నన్ను బయల్దేరదీశారు. చేపల కోసం కాదు, ఈదమ్మకి జాగ్రత్త చెప్పడానికి.

ఈదమ్మకి డెబ్బై దాటి ఉంటాయి. ముసలిదైనా కత్తిపీట ముందు కూర్చుంటే చేతులు ఆగవు. నల్లటి మొహంలో బూడిదరంగు కళ్లు. ఊళ్లో అందరూ ఆ ఇంటివాళ్లని పిల్లికళ్లోళ్లు అంటారు. పక్కన మనవరాలు యమున చేపలు తూకం వేస్తోంది. బావగారు కట్ట మీద నీళ్లకి బాగా ఎడంగా నిలబడి మొదలుపెట్టారు.

"ఈదమ్మ గారూ, మీవాళ్లెవర్నీ సోల్జర్లతో పడవ ఎక్కనివ్వకండి."

"ఏ సోల్జర్లు సారూ?"

"తిరుమలగిరి వాళ్లండి. బాతుల కోసం వస్తారు. వాళ్లలో డూలన్ అనేవాడి మీద హత్య కేసు కూడా పడింది."

ఈదమ్మ చెయ్యి ఆగింది. "పేరేందన్నవ్?"

"డూలన్. మార్టిన్ డూలన్."

"దూలన్న దొర" అంది ఆమె నెమ్మదిగా. "గాయన మా ముత్తాతనే సారూ."

బావగారు నా భుజం పట్టుకున్నారు. భుజం ఇప్పటికీ గుర్తుంచుకుంది.

ఈదమ్మ చేతులు కడుక్కుని చెప్పింది. "మా పెద్దోళ్లు జెప్పేటోళ్లు. దోస్తును నీళ్లల్ల ముంచి సంపిండట. ఎట్ల తప్పించుకున్నడో ఏమో, మా వాడకొచ్చి దాసుకున్నడు. మా ముత్తవ్వను జేసుకున్నడు. గప్పటి సంది గీ చెరువు మా ఇంటి మీద పగ వట్టింది. మా చిన్నాయిన గిండ్లనే పోయిండు. నా తోడవుట్టినోడు, పదేండ్ల పోరడు, వాడు గూడ గిండ్లనే పోయిండు. గందుకే మా ఇంట్ల మోకాలు దాటి నీళ్లల్ల ఎవ్వలం దిగం."

నిజమే. వల వేసేది, తెప్ప తోసేది మిగతావాళ్లు. ఈ ఇంటివాళ్లు గట్టు మీద కూర్చుని కోసి అమ్ముతారు. చెరువు పక్కన పుట్టి, చేపల మీద బతికి, ఈత అన్న మాట ఎత్తని ఇల్లు అది.

"గిప్పుడు జెప్పు అవ్వా, నా ముచ్చట గూడ జెప్పు" అంది యమున తూకం రాయి పక్కన పెడుతూ. అవ్వ చెప్పకపోతే తనే చెప్పింది. వరదలొచ్చినప్పుడు పడవల మీద వెళ్లి జనాన్ని బయటకు తెచ్చే దళంలో మనుషుల్ని తీసుకుంటున్నారు. మార్చి మొదట్లో ఈత పరీక్ష. హాస్టల్లో చదువుకునే రోజుల్లో అవ్వకి తెలియకుండా ఈత నేర్చుకుంది. ఇప్పుడు అవ్వకి తెలిసిపోయింది.

"నువ్వు పెంచినవ్, నీ మాట దాటి పోను అవ్వా. కానీ పంపియ్యి."

"సంపినోని ఇంటి బిడ్డను నీళ్లు ఇడువయి" అంది ఈదమ్మ. ఆమె కళ్లల్లో భయం చూశాను. మా బావగారి భయంలాంటిది కాదది. దాన్ని చూసి నవ్వడానికి నాకు నోరు రాలేదు. "గాయన సంపలేదని ఎవలన్న జెప్తే పంపుత. ఎవలు జెప్తరు? అందరు మట్టిల గలిశిండ్రు."

బావగారు అందుకున్నారు. "కేసు నడుస్తోందమ్మా. పేపర్లో ఏ రోజుది ఆ రోజు చదివి మీకు చెబుతాను."

తిరుగు దారిలో నాకు ఒళ్లు మండింది. "ఇంటికెళ్లి పది నిమిషాలు కూర్చుంటే తీర్పు తేలిపోతుంది కదండీ. ఆ పిల్ల బతుకు మీ నియమం మీద వేలాడాలా?"

"రేపటి పేపరు ఇవాళ..."

"ఆపండి."

మేడ్చల్ రోడ్డున దొంగలున్నారని భయపడే మనిషి, ఆ మర్నాటి నుంచి రోజూ షామీర్‌పేట వెళ్లడం మొదలుపెట్టారు. ఒక షేర్ ఆటో, ఒక బస్సు, మళ్లీ ఒక ఆటో. ఆటోలో కూడా హెల్మెట్ తియ్యరు. బస్సులో కూడా తియ్యలేదని కండక్టరు చెప్పగా విన్నాను. కట్ట మీద ఈదమ్మ పక్కన, నీళ్లకి వీపు పెట్టి కూర్చుని, కాగితాల మీద దింపుకొచ్చిన పేపరు తెలుగులో చదివి వినిపించేవారు. డూలన్ సంగతి లేని రోజున గుర్రప్పందేలు చదివేవారు, దొరసానికి ఆయా కావాలన్న ప్రకటనలు చదివేవారు. ఈదమ్మ అవీ వినేది. నాలుగు రోజుల్లో కట్ట మీద పదిమంది పోగయ్యారు. బ్యాంకు అయ్యాక నేనూ వెళ్లేవాణ్ని, ఆయన్ని భద్రంగా ఇంటికి చేర్చాలి కదా.

ఒక రోజు ఎడిటరుకు ఉత్తరం వచ్చింది. ఎవరో పేరు చెప్పుకోని పెద్దమనిషి, ఐర్లండు వాళ్లంతా తాగుబోతులని, డూలన్‌ని విచారణ లేకుండానే ఉరి తియ్యాలని రాశాడు. బావగారు అదీ చదివి వినిపించారు.

"వీడు సూసిండా?" అంది ఈదమ్మ.

"ఎవరండీ?"

"గా రాసినోడు. చెరువు కాడ వీడున్నడా? ఇంట్ల కుర్సీల కూసోని రాసిండు."

"ఉరి అంటున్నాడండీ."

"అననియ్ సారూ. నువ్వు నీళ్లు తాగు."

ఇంకో రోజు బొల్లారం చర్చి పాదిరీ రాసిన ఉత్తరం. డూలన్‌కి ఇరవై మూడేళ్లని, ఇంట్లో తిండికి జరగక ఓడ ఎక్కాడని, తల్లికి చదువు రాకపోయినా నెలకోసారి ఉత్తరం రాయించేవాడని అందులో ఉంది. ఈదమ్మ చేప మీద నుంచి కళ్లు ఎత్తింది.

"తల్లి ఉన్నదా ఆయనకు?"

ఆమె ఇన్నాళ్లూ ఆ దొరకి ఒక వయసుందనీ, ఒక తల్లి ఉందనీ అనుకోలేదు. ఆమెకి అతను చెరువు పగగా మాత్రమే తెలుసు. ఆ రోజు నుంచి దొర అనడం మానేసి 'పోరడు' అనడం మొదలుపెట్టింది.

ఫిబ్రవరిలో సైనిక కోర్టు కూర్చుంది. మొదటి రోజు సార్జెంటు సాక్ష్యం. గొడవ విల్కిన్స్ పెంచుకునే కుక్క గురించట. డూలన్ దానికి తన అన్నం పెడుతుంటే అది వాడి వెంట తిరగడం విల్కిన్స్‌కి నచ్చలేదట.

"కుక్కకు అన్నం వెట్టినోడు మనిషిని సంపుతడా?" అంది ఈదమ్మ.

"చంపడని చెప్పలేమండీ" అన్నారు బావగారు చెమట తుడుచుకుంటూ.

"నువ్వు ఎవలి దిక్కు సారూ?"

కట్ట మీద అందరూ ఆయన మీదికి లేచారు. ఆయన హెల్మెట్ పెట్టుకున్నారు.

పరీక్ష దగ్గరపడే కొద్దీ ఆయన పరిస్థితి పాడైంది. నిద్ర లేదు, తిండి లేదు, బీపీ పెరిగింది. మా అక్క కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఆ డూలన్‌కి ఉరి పడితే ఈయనకేమైనా అవుతుందిరా తమ్ముడూ. ముందుగా చూసి చెప్పు. మంచి అయితే సరే, చెడు అయితే కాస్త మెల్లగా చెబుదాం."

నాకూ భయం వేసింది. నిజంగానే వేసింది. ఎప్పుడో చచ్చినవాడికి ఉరి పడుతుందేమోనని నా గుండె కొట్టుకుంటోందని గమనించి నా మీద నాకే చిరాకు కలిగింది. పరీక్షకి ముందు రోజు సెలవు పెట్టి, ఆయన స్నానానికి వెళ్లగానే కంప్యూటరు ముందు కూర్చున్నాను. మార్చి, ఏప్రిల్, మే, అన్నీ తిరగేశాను.

తీర్పు లేదు.

ఆ రోజు తారీఖు పేపర్లో మూడో విచారణ ఉంది. దాని చివర, ఇద్దరు సాక్షులు జ్వరంతో ఆసుపత్రిలో ఉన్నందున కోర్టు వాయిదా పడిందని ఉంది. మర్నాటి పేపర్లో పటాలం బర్మా యుద్ధానికి వెళ్తోందన్న వార్త. ఆ తర్వాత అంతా బర్మాయే. గుర్రప్పందేలు మళ్లీ వచ్చాయి, ఆయాలు కావాలన్న ప్రకటనలు వచ్చాయి, డూలన్ పేరు మాత్రం మళ్లీ ఎక్కడా లేదు. పేపరు వాళ్లు అతన్ని మర్చిపోయారు. ఆ గందరగోళంలో అతను షామీర్‌పేట ఎలా చేరాడో చెప్పడానికి లోకంలో ఎవరూ మిగల్లేదు.

తువ్వాలు తలకి చుట్టుకుని బావగారు వచ్చి నిలబడ్డారు.

"తీర్పు లేదండీ" అన్నాను.

"తెలుసోయ్" అన్నారు ఆయన.

"తెలుసా?"

"ఆ ఆదివారం చెరువు నుంచి వచ్చాక చూశాను. డిసెంబరు దాకా తిరగేశాను. పిల్ల జీవితం కదా, నియమం ఏం చేసుకుంటాం."

నేను ఆయన్ని తేరిపార చూశాను. "మరి ఈ ఆటోలు, ఈ బస్సులు, రోజూ అక్కడికి వెళ్లి చదవడం..."

"మొదటి రోజే వెళ్లి తీర్పు లేదమ్మా అంటే ఏమయ్యేది? ఆవిడ దగ్గర ఉన్న తీర్పే ఉండిపోయేది. చెప్పేవాడు ఎవడూ లేడని తెలిసింది కదా. ఇక చెప్పవలసింది ఆవిడే. ఊరికే ఎలా చెబుతుంది పాపం? అతన్ని చూడొద్దూ, వినొద్దూ?" ఆయన కుర్చీలో కూలబడ్డారు. "కాని ఇవాళ్టితో అయిపోయిందోయ్. ఇవాళ ఆవిడ మనసు తిరక్కపోతే రేపటికి నా దగ్గర కాగితం లేదు. నెల్లాళ్లుగా నాకు భయం అదే. ఉరి గురించి కాదు."

ఆయన భయాల్ని వేళాకోళం చేసి నేను ఎన్ని కాఫీలు తాగానో తలుచుకుంటే సిగ్గేసింది. స్కూటరు తీశాను.

కట్ట మీద ఆ రోజు జనం ఎక్కువ. యమున ఒక పక్కగా నిలబడి ఉంది. బావగారు చదివారు. గట్టు మీద బట్టలు ఉతికే మనిషి సాక్ష్యం. పడవ తిరగబడ్డాక డూలన్ ఒక చెక్క పట్టుకుని ఒడ్డుకి కొట్టుకొచ్చాడని, వచ్చినవాడు మళ్లీ వెనక్కి తిరిగి మెడ లోతు దాకా వెళ్లాడని, నీళ్లు మింగి వెనక్కొచ్చి మళ్లీ వెళ్లాడని, పొద్దు గూకేదాకా అలాగే చేశాడని అతను చెప్పాడు. కోర్టు వాళ్లు డూలన్‌ని అడిగారు: అంతగా బాధపడినవాడివి ఈదుకుంటూ వెళ్లి స్నేహితుణ్ని ఎందుకు పట్టుకోలేదు?

బావగారు అక్కడ ఆగి యమున వైపు చూశారు.

"సదువు సారూ" అంది ఈదమ్మ.

"'నాకు ఈత రాదు దొరా. మాది చేపలు పట్టుకునే ఊరు. మా ఊళ్లో ఎవరం నేర్చుకోం. సముద్రం తనకి కావలసినవాణ్ని తీసుకుంటుంది, ఈత నేర్చుకుని దానితో పెట్టుకోకూడదని మా అమ్మ చెప్పేది.'"

తర్వాత కోర్టు వాయిదా పడిన సంగతి చదివి ఆయన కాగితం మడిచారు. ఈదమ్మ మొదటిసారి మొహం తిప్పి చెరువు వైపు చూసింది.

"అంటె ఆయనది గూడ మా లెక్కనే" అంది. "చేపల ఇల్లే. నీళ్లకు భయపడి ఈత నేర్వనియ్యలే ఆ తల్లి. గా ఈతే వస్తే దోస్తు బతుకుతుండె." కొంగుతో కళ్లు తుడుచుకుంది. "నా తమ్ముడు ఒడ్డుకు మస్తు దగ్గర్నే ఉండె సారూ. చెయ్యి ఊపిండు. నేను సూస్తనే ఉన్న. వానికి ఈత రాదు, నాకు రాదు. చెరువు పగ అనుకున్నం. పగ లేదు, పాడు లేదు. మనమే నేర్పలే."

యమున దగ్గరికొచ్చి కూర్చుంది. "అవ్వా, తీర్పు ఇనవా? సారు రేపు సదువుతడు."

బావగారు నా చెయ్యి పట్టుకున్నారు. ఈసారి నేను కూడా గట్టిగా పట్టుకున్నాను.

"నాకెందుకే తీర్పు? గా పోరడు సంపలే. నాకు ఎర్కైంది. గా దొరలకు ఎర్కైతే ఎంత, కాకుంటె ఎంత?" అంది ఈదమ్మ. మళ్లీ కత్తిపీట ముందుకు జరిగింది. "రేపు ఎన్ని గంటలకు పోవాలె? నేను గూడ వస్త. సారూ, నువ్వు గూడ రావాలె. ఒక్కదానికి నాకు గుబులైతది."

మర్నాడు పొద్దున ఈత కొలను దగ్గర బెంచీ మీద ఈదమ్మ, బావగారు, నేను వరసగా కూర్చున్నాం. యమునతో పాటు ఇంకా చాలామంది అమ్మాయిలు గట్టు మీద నిలబడ్డారు. ఈల ఊదకముందే బావగారు కళ్లు మూసుకుని ఈదమ్మ చెయ్యి దొరకబుచ్చుకున్నారు.

"తేలిందాండీ?"

"ఇంక దుంకనే లేదు సారూ."

ఈల వినిపించింది. నీళ్లు ఒక్కసారి ఎగిసిపడ్డాయి. ఈదమ్మ చూస్తూనే ఉంది, రెప్ప వెయ్యలేదు. ఆమె పెదవులు మాత్రం కదులుతున్నాయి. బావగారు తల మోకాళ్లలోకి వంచేశారు. నేను ఏం చేశానో నాకు గుర్తులేదు. యమున రెండో అమ్మాయిగా అవతలి గట్టు ముట్టుకుని, తల బయటకు పెట్టి, మా బెంచీ వైపు చెయ్యి ఊపింది. ఈదమ్మ లేచి నిలబడి తనూ చెయ్యి ఊపింది. తర్వాత కూర్చుని, చిన్నపిల్లవాడి వీపు నిమిరినట్టు మా బావగారి వీపు నిమిరింది.

"భయపడకు సారూ. కండ్లు తెరువు. పిల్ల ఒడ్డుకు వచ్చింది."

ఆయన ముందు ఒక కన్ను తెరిచారు.